టోను ఉంది, లైటు లేదు

ఫిబ్రవరి 6, 2008. బుధవారం

చర్చి నుంచి నుదుటి మీద భస్మ బుధవారం బూడిదతోనే వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. హైదరాబాదు నుంచి మెయిలు వచ్చింది. నన్ను తీసుకున్నారు, పరీక్ష మీద. స్కానింగ్ సెంటర్ డాక్టర్లు మాట్లాడింది ఫైలుగా వస్తుంది. విని, రిపోర్టు టైపు చేసి, రెండు గంటల్లోపల తిరిగి పంపాలి. పదకొండో తేదీ సోమవారం మొదలు, మార్చి ఇరవై రెండు ఆఖరు. ఆరు వారాలు.

షరతులు ఇక్కడ రాసుకుంటున్నాను, మాటిమాటికీ మెయిలు తెరవనక్కర లేకుండా. నాలుగు ఆలస్యాల దాకా ఊరుకుంటారు. ఐదోదానితో పని పోతుంది. నెట్ ఇచ్చేవాళ్ళ తప్పు వల్ల ఆలస్యమైతే, వాళ్ళ మనిషి సంతకం పెట్టిన కాగితం పంపితే ఆ ఆలస్యం తీసేస్తారు.

నలభై ఆరేళ్ళ వయసులో ఎనిమిది నెలలపాటు మెడికల్ కాలేజీ ఎదురు సందులో, మా అమ్మాయి జీవిత కంటే చిన్న పిల్లల మధ్య కూర్చుని ఎముకల పేర్లు నేర్చుకున్నది ఈ మెయిలు కోసమే. ఇంటిపని కాకుండా నా పేరు మీద వచ్చిన మొదటి పని. ఆయనకు చూపిస్తే రెండుసార్లు చదివి, "డాక్టరమ్మా, కాఫీ ఏమన్నా ఉండాదా?" అన్నారు. లెక్కల మాస్టరు. సంతోషం వేస్తే ఇంకేదో అడుగుతారు.

ఈస్టరుకు ముందు వచ్చే ఈ శ్రమదినాల్లో కాఫీ మానేద్దామనుకున్నాను. నేను కాఫీ మానితే తలనొప్పి ఇంట్లో అందరికీ వస్తుందని మా అత్త విశ్వాసమ్మ అన్నది. అందుకని ఇంకోటి ఎంచుకున్నాను. ఈస్టరు దాకా ఎవరినీ తప్పు పట్టను.

ఫిబ్రవరి 9, శనివారం

మా వీధిలో ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ళు ఇద్దరే. ఒకరు టెలిఫోను ఆఫీసువాళ్ళు. ఉన్న ఫోను తీగ మీదే ఇస్తారు. రెండోది యేసుప్రసాద్ కేబుల్ నెట్. మిద్దెల మీదుగా నీలం తీగ లాక్కొచ్చి కిటికీలోంచి లోపలికి వేస్తాడు. మా చర్చిలో మైకులు చూసేది కూడా అతనే. రెండు వారాలుగా ఇద్దరికీ పట్టిక వేసి పోల్చాను. పదహారు గడులు. వేగమెంత, ఒక తీగ మీద ఎన్ని ఇళ్ళు, కరెంటు పోతే ఏమవుతుంది, ఫోను చేస్తే ఎత్తుతారా, ఎత్తితే ఏమంటారు. యేసుప్రసాద్ పదకొండు ఇళ్ళను ఒక పెట్టెకు కడతాడు. ఆ పెట్టె ఎవరి మిద్దె మీద ఉంటే వాళ్ళింట్లో కరెంటు పోయినప్పుడు పదకొండు ఇళ్ళకూ నెట్ పోతుంది. ఫోను తీగకు ఆ బాధ లేదు. నా మోడెముకు నా యూపీఎస్ చాలు. పదహారు గడుల్లో ఫోను తీగకు పది, యేసుప్రసాద్‌కు ఆరు.

అత్త పట్టిక చూడకుండానే, "మన బిడ్డ ఉండంగ బయటోళ్ళ దగ్గర ఎందుకమ్మే?" అన్నది. మైకు గొరగొరలాడకుండా చేసినవాళ్ళందరూ ఆమెకు మన బిడ్డలే.

లైన్‌మన్ సుంకప్ప మధ్యాహ్నం వచ్చి బిగించాడు. ఈ ఏరియాకు కొత్త, పత్తికొండ నుంచి బదిలీ మీద వచ్చాడట. కుడి మోకాలు వంచలేక వంచుతున్నాడు. లోపలి మృదులాస్థి అరిగి ఉంటుంది, ఎక్స్‌రే తీయించుకోమని చెప్పాను. "అరగనీలేమ్మా, నేనెక్కే స్తంభాలు గూడా అరిగినాయి," అన్నాడు.

ఒకే తీగ మీద ఫోను మాటా నెట్టూ కలబడకుండా విడదీసే చిన్న డబ్బా ఒకటుంటుంది, ఫిల్టరు. ప్రతి ఫోనుకూ అది తప్పనిసరి అని మోడెం పుస్తకంలో నాలుగు చోట్ల ఉంది. హాల్లో ఫోనుకు పెట్టించాను. వంటింట్లో గోడ ఫోను తీగ ఎక్కడి నుంచి వస్తుందని సుంకప్ప అడిగితే, హాల్లో దాని నుంచే అని చెప్పాను. పదేళ్ళ కిందట వేయించినప్పుడు దగ్గరుండి చూసినదాన్ని. అటక మీదికెక్కి ఒకసారి చూస్తానన్నాడు, అక్కర లేదన్నాను. ఆ మోకాలితో మనిషిని అటక ఎక్కించడం న్యాయం కాదు. పైగా అక్కడ సామాన్ల డబ్బాలన్నీ పేర్లు రాసి వరసలో పెట్టి ఉన్నాయి.

ఫిబ్రవరి 11, సోమవారం

మొదటి రోజు. నాలుగు రిపోర్టులు. నాలుగూ వేళకే వెళ్ళాయి.

లైను ఆరోగ్యం చూడటానికి వేరే నోటు పుస్తకం పెట్టాను. రోజూ 9, 11, 1, 3, 5 గంటలకు చూడాలి. పద్ధతి ఇది. ముందు ఫోను ఎత్తి టోను వినాలి. హాల్లో ఫోను అత్త మంచం పక్కన ఉంది, ఎత్తితే ఎవరికి, ఎందుకు అని అడుగుతుంది కాబట్టి వంటింట్లోది ఎత్తుతాను. తర్వాత గదిలోకి వెళ్ళి మోడెం మీద నెట్ లైటు పచ్చగా వెలుగుతోందా అని చూడాలి. ఆ తర్వాత మోడెం లోపలి పేజీ తెరిచి లైను బలం ఎంత, గోల ఎంత అన్న అంకెలు రాసుకోవాలి.

ఈ రోజు: 9కి టోను ఉంది, లైటు లేదు. 11కి టోను ఉంది, లైటు లేదు. 1కి, 3కి, 5కి అంతే.

మూడు నిమిషాల్లో లైటు తిరిగి వస్తుంది. బాధ దానితో కాదు. మధ్యలో తెగితే హైదరాబాదు సైటు నేనింకా లోపలే ఉన్నాననుకుని నలభై నిమిషాలు మళ్ళీ రానివ్వదు.

మొదటి రోజు కాబట్టి ఎవరినీ ఏమీ అనలేదు.

ఫిబ్రవరి 13, బుధవారం

ఆలస్యం ఒకటి. కడుపు స్కానింగు, ఇరవై ఆరు నిమిషాల ఫైలు. సగం దిగాక 11 గంటలకు తెగింది. నలభై నిమిషాలు బయట నిలబడ్డట్టు కూర్చున్నాను.

ఫిబ్రవరి 15, శుక్రవారం

ఒక సంగతి గమనించాను. నేను చూసే వేళకే పోతుంది. 10కి పోదు, 12కి పోదు. ఎక్స్చేంజిలో ఎవరో వేళ పెట్టుకుని ఏదో తీసి పెడుతున్నారు. డ్యూటీ మారే వేళలు అయ్యుండవచ్చు.

ఇది తప్పు పట్టడం కాదు, గమనించడం.

ఫిబ్రవరి 18, సోమవారం

మోడెం మార్చాను. టెలిఫోను ఆఫీసు ఇచ్చింది ఒక్క తీగకు మాత్రమే చోటున్నది, గంటసేపటికి దోసెపెనంలా కాలుతుంది. పాత బస్టాండు దగ్గర కంప్యూటరు షాపులో మూడు రకాలు చూశాను. ఒక తీగది, నాలుగు తీగలది, నాలుగు తీగలూ వైర్‌లెస్సూ ఉన్నది. వైర్‌లెస్ మనకెందుకన్నారు ఆయన. మనకు అక్కర లేదు, కానీ దాని లోపలి పేజీలో లైను ఎన్నిసార్లు తెగిందో అదే లెక్క పెట్టి చూపిస్తుంది. షాపువాడికి ఆ సంగతి తెలియదు. నేను పెట్టె మీద చదివి చెబితే తీసి చూసి, "మేడం, మీరు కంపెనీ తరఫున వచ్చినారా?" అని అడిగాడు.

కొత్త దానికి కొమ్ములా యాంటెన్నా ఉంది. మిషన్ చానెల్ వస్తుందేమోనని అత్త రెండుసార్లు తిప్పి చూసింది.

5 గంటలకు టోను ఉంది. లైటు లేదు. కొత్త మోడెముకు కూడా లేదు. అంటే తప్పు పాత మోడెముది కాదు. ఈ మాత్రం తేల్చుకోవడం కూడా లాభమే.

ఫిబ్రవరి 20, బుధవారం

గృహ ప్రార్థన ప్రేమమ్మ గారింట్లో. ఆమె మా స్త్రీల సమాజం కార్యదర్శి, ఇంట్లో యేసుప్రసాద్ నెట్ ఉంది. బైబిలుతోపాటు పెన్‌డ్రైవు, ఆయన స్కూలు ఆటల పోటీలకు వాడే స్టాప్‌వాచీ తీసుకెళ్ళాను. ఆమెన్ అనగానే నెట్ వేగం ఒకసారి చూస్తానని అడిగాను. ఐదు మెగాబైట్ల ఫైలు నాలుగు నిమిషాల పది సెకన్లలో దిగింది. మంచి వేగమే. ఒకసారి చూసి నమ్మకూడదు కాబట్టి మళ్ళీ దించాను. మూడోసారి దించుతుండగా ప్రేమమ్మ గారు వడలు చల్లారిపోతున్నాయన్నారు.

శుక్రవారం ప్రార్థన ఎవరింట్లో అని అడిగాను. చర్చి పనిలో నాకు ఇంత ఆసక్తి ఎప్పుడూ చూడలేదని ఆమె మెచ్చుకున్నారు.

ఫిబ్రవరి 25, సోమవారం

ఆలస్యం రెండు.

సుంకప్పను పిలిపించాను. స్తంభం ఎక్కి, పెట్టె తెరిచి, తన మీటరు పెట్టి అరగంట చూశాడు. లైను బాగుందన్నాడు. నా నోటు పుస్తకం చూపించబోయాను, పొద్దుకూకింది, ఇంకో మూడు ఇళ్ళు చూడాలన్నాడు. పోనీ ఆలస్యం టెలిఫోను లైను వల్లేనని కాగితం రాసి సంతకం పెట్టమన్నాను. హైదరాబాదు షరతు గురించి కూడా చెప్పాను, ఆ కాగితం విలువ అతనికి తెలియాలి కదా.

"ఫాల్టు లేందే ఉండాదని ఎట్ల రాసేదమ్మా? నా మీటరు ఊరుకోదు," అన్నాడు.

మీటరు మాట పక్కన పెట్టి నా పుస్తకం మాట వినమన్నాను. చేతులు జోడించి వెళ్ళిపోయాడు. కుంటుతూనే వెళ్ళాడు. ఎక్స్‌రే తీయించుకోలేదు. చెప్పిన మాట వినే మనిషి కాదు.

ఫిబ్రవరి 27, బుధవారం

రెండు గంటలకోసారి చూస్తే చాలదని గంటకోసారి మొదలుపెట్టాను. వాళ్ళకెలా తెలిసిందో తెలియదు. ఈ రోజు నుంచి గంటకోసారి తీస్తున్నారు.

ఫిబ్రవరి 29, శుక్రవారం

ప్రార్థన. ఇంకో ఇల్లు, యేసుప్రసాద్ నెట్టే. అదే ఫైలు పదకొండు నిమిషాలు. రెండోసారి దించుతుండగా కరెంటు పోయింది.

మార్చి 4, మంగళవారం

టెలిఫోను ఆఫీసులో ఇంజనీరు గారికి ఉత్తరం ఇచ్చి రసీదు తీసుకున్నాను. మా ఏరియా లైన్‌మన్ సరిగా చూడటం లేదు, అడిగితే తప్పించుకుపోతున్నాడు, దీనివల్ల నా ఉద్యోగానికి భంగం కలుగుతోంది అని. నోటు పుస్తకంలోంచి మూడు వారాల పేజీలు జిరాక్సు తీసి జత చేశాను. పేరు పెట్టాలా వద్దా అని ఆలోచించి లైన్‌మన్ అని మాత్రం రాశాను. ఏరియాకు ఒక్కడే లైన్‌మన్.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. రసీదు తిరగేసి చూసి, "ఈస్టరు ఎప్పుడే?" అన్నారు.

నేను ఎవరినీ తప్పు పట్టలేదు. ఉన్నది ఉన్నట్టు రాసిచ్చాను.

మార్చి 6, గురువారం

ఆలస్యం మూడు.

మార్చి 7, శుక్రవారం

యేసుప్రసాద్ తానే వచ్చాడు. నేను ప్రార్థనలకు పెన్‌డ్రైవు తెస్తున్న సంగతి ఊరంతా తెలిసిపోయినట్టుంది.

"వందనాలక్కా. నా నెట్టు నాకు చెప్పకుండానే పరీక్ష చేస్తాండావంట. మార్కులెన్ని వచ్చినాయో చెప్పు, మా ఆవిడకు చూపిస్తా."

పదహారింట్లో ఆరు అని చెప్పాను. ముప్పై ఐదు శాతం దాటింది, పాసైనానన్నాడు. అత్త అతన్ని కూర్చోబెట్టి బొరుగులు కలిపి పెట్టింది. తినేలోగా తన కుర్రాడి చేత మిద్దె మీదికి నీలం తీగ లాగించి, చుట్ట చుట్టించి కిటికీ పైన కట్టించాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒక్క మాట చెబితే చాలట. పరీక్ష మధ్యలో మార్చను, మారిస్తే లెక్క చెడిపోతుందన్నాను. ఏ లెక్క అని అడిగాడు. చెప్పాను. కాసేపటికి గడియారం చూసుకున్నాడు.

మార్చి 11, మంగళవారం

ఆలస్యం నాలుగు. ఊపిరితిత్తుల సీటీ.

ఇక ఒక్కటి కూడా పోకూడదు. పదకొండు రోజులున్నాయి. ఈ రోజు నుంచి అరగంటకోసారి చూస్తాను.

మార్చి 12, బుధవారం

అరగంటకోసారి పోతోంది.

మార్చి 17, సోమవారం

ఐదు.

మార్చి 18, మంగళవారం

కాగితం లేకపోతే ఈ ఐదోదానితో పని పోయినట్టే. ఇంకా నాలుగు రోజులు పని వస్తుంది, చేస్తాను. ఇరవై రెండున పట్టిక చూసి వాళ్ళే చెబుతారు. ఈ రోజు ఏడు రిపోర్టులు పంపాను. ఒక్క తప్పు కూడా రాలేదని మెచ్చుకుంటూ హైదరాబాదు నుంచి మెయిలు. ఆ పనిని చూసే శ్రీవాసవి గారు రాశారు. చదివి వంటింట్లోకి వెళ్ళి కొత్తిమీర తరిగాను. కొత్తిమీర అక్కర లేదు.

మార్చి 19, బుధవారం

సుంకప్ప వచ్చాడు. నేను పిలవలేదు. నోటు పుస్తకం చూస్తానన్నాడు. ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చిందనుకుని కుర్చీ వేశాను. మొదటి పేజీ నుంచి వేలు పెట్టి, పెదవులు కదిలిస్తూ చదివాడు. మధ్యలో ఆపి, ఈ మొదటి గడిలో 'టో' అంటే ఏమిటని అడిగాడు. టోను అన్నాను. ఏ ఫోనులో వింటారన్నాడు. వంటింట్లో అన్నాను. ముందు టోను విని తర్వాత లైటు చూస్తారా, ముందు లైటు చూసి తర్వాత టోను వింటారా అన్నాడు. పద్ధతి ప్రకారం ముందు టోనే.

"ఒకసారి లైటు కాడ నిలబడమ్మా," అని వంటింట్లోకి వెళ్ళాడు.

లైటు పచ్చగా ఉంది. ఆరిపోయింది.

కాకతాళీయం అన్నాను. లైటు వచ్చేదాకా ఆగి మళ్ళీ ఎత్తాడు. ఆరింది. రెండుసార్లు చాలదు, కనీసం ఏడుసార్లన్నా చూడాలన్నాను. అతను ఏడుసార్లు ఎత్తాడు. ఏడుసార్లు ఆరింది. ఎనిమిదోసారి అతన్ని లైటు దగ్గర నిలబెట్టి నేను ఎత్తాను. నేనెత్తినా ఆరింది.

ఇద్దరం కలిసి అటక మీది డబ్బాలు దించాం. ఇరవై మూడు. వంటింటి ఫోను తీగ హాల్లోకి పోవడం లేదు. గోడలోంచి నేరుగా బయటికి పోయి, చూరు కింద పాత పెట్టెలో కలిసింది. దానికి ఫిల్టరు లేదు. నేను టోను విన్న ప్రతిసారీ నా నెట్టును నేనే తెంపుకున్నాను. పదేళ్ళ కిందట తీగ వేసినప్పుడు దగ్గరుండి చూశానని రాశాను. చూశాను. తీగ వేసిన మనిషికి మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయిన సంగతి ఈ రోజు గుర్తుకొచ్చింది.

సుంకప్ప నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. జేబులోంచి చిన్న ఫిల్టరు తీసి పెట్టి, డబ్బాలన్నీ నేను చెప్పిన వరసలో ఎక్కించాడు.

పోతూ ఒక మాట అడిగాడు. ఆఫీసులో మెమో ఇచ్చారట. సంజాయిషీ రాయాలి, శుక్రవారం సెలవు కాబట్టి శనివారంలోగా. తనకు అంతంత మాటలు రాయడం రాదట. "మీది ముత్యాల్లాంటి రాత గదమ్మా, రెండు ముక్కలు రాసీరా?" అన్నాడు.

ఎవరు ఫిర్యాదు చేశారో తెలుసా అన్నాను.

"నెంబరు ఉండాది గదమ్మా దాంట్లో. ఈ ఏరియాలో నెంబర్లన్నీ నాకు నోటికొచ్చు."

మార్చి 20, గురువారం

పొద్దున నుంచి ఒక్కసారి కూడా తెగలేదు. ఎనిమిది రిపోర్టులు, అన్నీ గంటలోపల. కొత్త మోడెం పెట్టిన రోజు నుంచి దాని లోపలి లెక్కను నా పుస్తకంతో కలిపి చూశాను. 238 సార్లు తెగింది. 209 నావి. మిగతా 29 ఫోను మోగినప్పుడు, మాట్లాడినప్పుడు. మంచి మోడెం. దాని లెక్క తప్పలేదు.

సాయంత్రం సుంకప్ప సంజాయిషీ కోసం వచ్చాడు. నేనింకా రాయలేదు. ఐదో ఆలస్యంతో పని పోతుందని నిన్న చెప్పాను కదా, అతను మాత్రం నాకు ఒక కాగితం తెచ్చాడు. మార్చి పదిహేడున లైను ఫాల్టు వల్ల ఈ నెంబరుకు నెట్ ఆగిపోయింది అని. కింద సంతకం, ఆఫీసు ముద్ర.

ఫాల్టు లేనిదే ఉందని రాయనన్నావు కదా అన్నాను.

"అప్పుడు మీరు గట్టిగా అడిగినారు గదమ్మా, రాయబుద్ధి కాలే. ఇప్పుడు పనే పోతాదంటుండారు. ఒక్క కాగితం. మనిద్దరికి తెలిస్తే సాలు."

ఒక్క కాగితమే. ఒక్కటి పోతే నాలుగే మిగులుతాయి. నాలుగుకు ఊరుకుంటారు.

తీసుకున్నాను. నోటు పుస్తకంలో పెట్టాను. సంజాయిషీ శనివారం పొద్దున ఇస్తానని చెప్పి పంపాను.

మార్చి 21, శుక్రవారం

గుడ్ ఫ్రైడే, మూడు గంటల ఆరాధన. సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడారు. ఒక్కటి కూడా చెవిన పడలేదు. ఆ కాగితం గురించే ఆలోచించాను. నా ఉత్తరంలో లైన్‌మన్ సరిగా చూడలేదని ఉంది. ఆ కాగితంలో లైను ఫాల్టేనని అతని సంతకంతోనే ఉంది. రెండూ కలిపి చదివితే తప్పంతా అతనిదేనని ఎవరికైనా అనిపిస్తుంది. హైదరాబాదువాళ్ళు ఫోను చేసి కనుక్కోరని ఏముంది. కనుక్కోరు. అయినా.

ఆయనకు చెప్పాను. కాఫీ అడగలేదు.

మార్చి 22, శనివారం

పొద్దున సంజాయిషీ రాశాను. సుంకప్ప తరఫున నేను, నా ఫిర్యాదుకు జవాబు. ఫిబ్రవరి 25న లైను పరీక్ష చేశాను, బాగుంది అని చెప్పాను, ఆ మాట నిజమని తర్వాత తేలింది. ఇంతకంటే ఏమీ లేదు అతను రాయవలసింది. దానితోపాటు ఇంకో ఉత్తరం, నా పేరు మీద. నా ఫిర్యాదు తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను. ఇద్దరం కలిసే టెలిఫోను ఆఫీసుకు వెళ్ళాం. గుమాస్తా రెండు కాగితాలూ చూసి, చేతిరాత ఒకటే ఉందేమన్నాడు.

"రాత ఆమెది, మోకాలు నాది," అన్నాడు సుంకప్ప.

గుమాస్తా ముద్ర వేశాడు.

తర్వాత హైదరాబాదుకు మెయిలు. ఐదు ఆలస్యాలకు కారణం రాయాలి. మొదట, సాంకేతిక కారణాల వల్ల అని రాశాను. అబద్ధం కాదు. కొట్టేశాను. ఇంట్లో ఫోను ఎత్తినందువల్ల అని రాశాను. అదీ అబద్ధం కాదు, కానీ చదివినవాళ్ళు మా అత్త అనుకుంటారు. చివరికి, టోను ఉందో లేదో చూడటానికి నేను పదేపదే ఫోను ఎత్తడం వల్ల అని రాశాను. నెట్ ఇచ్చేవాళ్ళ తప్పు లేదు అని కింద ఇంకో వాక్యం. నోటు పుస్తకం ముప్పై ఎనిమిది పేజీలూ జత చేశాను. 4.40కి పంపాను. వేళకే వెళ్ళింది.

సుంకప్ప కాగితం చింపేశాను. ముద్ర ఉన్న ముక్కను ఇంకా చిన్నగా చింపాను.

మార్చి 23, ఆదివారం

ఈస్టరు. చర్చిలో మైకు బాగా పనిచేసింది.

మార్చి 25, మంగళవారం

శ్రీవాసవి గారు ఫోను చేశారు. గొంతు విని ముప్పై దాటి ఉండవనుకున్నాను. మెయిలు చదివారట. పుస్తకం కూడా. ముప్పై ఎనిమిది పేజీలూ.

"ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి మేడం. మీకు స్లిప్ ఇచ్చేవాళ్ళు దొరకలేదా?"

కాగితం దొరికింది, పంపలేదన్నాను.

అటు వైపు కాసేపు చప్పుడు లేదు. నేను అలవాటు కొద్దీ మోడెం వైపు చూశాను. లైటు వెలుగుతూనే ఉంది.

ఐదు ఐదేనట. ఈ పరీక్ష పోయింది. నా ఒక్కదాని కోసం షరతు మార్చలేరు. అది సరైన పద్ధతే, నేనైనా అంతే చేస్తానన్నాను. ఏప్రిల్ ఏడున ఇంకో జట్టు మొదలవుతుందట, కావాలంటే మళ్ళీ మొదటి నుంచి, ఆరు వారాలు. ఒకసారి తప్పినవాళ్ళను మామూలుగా పిలవరట. నా పేరు ఆవిడే రాసేశారట. రాసి ఫోను చేశారట.

సరే అన్నాను. ఇంకా ఏదో అనాలనిపించింది. మీ వైపు లైను బాగుందా అని అడిగాను.

మార్చి 29, శనివారం

పట్టిక కొత్తగా వేశాను. ఈసారి ఇరవై గడులు. ఫోను తీగకు పదిహేడు. యేసుప్రసాద్‌కు కబురు చేస్తే వచ్చి కిటికీ పైన నీలం తీగ విప్పుకున్నాడు. ఈసారి తనకు మూడేనని చెప్పాను. "పాపం, ఫెయిలైనా," అని అత్త దగ్గర బొరుగులు తిని పోయాడు. తోవలో ప్రేమమ్మ గారింట్లో పెట్టెకు వేరే బ్యాటరీ పెడతాడట. అది నా మొదటి పట్టికలో కరెంటు పోతే ఏమవుతుందన్న ఎనిమిదో గడి చూశాక పుట్టిన ఆలోచన అని చెప్పలేదు గానీ నాకు తెలుసు.

ఏప్రిల్ 7, సోమవారం

మళ్ళీ మొదటి రోజు. ఐదు రిపోర్టులు. మొదటిది మోకాలి ఎక్స్‌రే. పేరు కనిపించదు, వయసు మాత్రమే. సుంకప్పది కాదు, ఈ మనిషిది ఎడమ కాలు.

ఏప్రిల్ 12, శనివారం

ఆరు రోజులు. ఆలస్యాలు లేవు. టోను చూడటం మానేశాను. రెండుసార్లు తప్ప.

ఇంట్లో ఒక మార్పు వచ్చింది. ఫోను ఎత్తడం వల్లే నెట్ తెగిందని మార్చిలో ఇంట్లో చెప్పాను కదా. అప్పటి నుంచి అత్త ఆత్మకూరులో ఉన్న చెల్లెలికి ఫోను చేయాలంటే ముందు నా గది తలుపు దగ్గరికి వస్తుంది. "కృపమణీ, ఎత్తొచ్చునా?" అంటుంది. ఒక్క నిమిషం ఆగమంటాను, ఆగుతుంది. పాతికేళ్ళలో ఈమె నన్ను ఏదైనా అడిగి చేయడం ఇదే మొదలు. నిన్న ఆయన కూడా వచ్చి చాక్‌పీసు పొడి చేతులతో తలుపు దగ్గర నిలబడి, హెడ్మాస్టరుతో మాట్లాడాలి, ఎత్తవచ్చా అన్నారు. ఈ ఫైలు అయిపోనివ్వండి అన్నాను. ఆగారు.

వంటింటి ఫోనుకు ఫిల్టరు పెట్టాక ఎవరూ అడగనక్కర లేదని వాళ్ళకు ఇంకా చెప్పలేదు. చెప్పాలి. సోమవారం పని ఎక్కువ ఉంది, మంగళవారం చూస్తాను.